డబ్లిన్ బడిలో బ్రౌన్ అట్టలు

అక్కా, ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్లో అయితే లాస్య పక్కనే ఉండి చెప్పనివ్వదు, అందుకే ఈ కార్డు.

డబ్లిన్‌లో పుస్తకాలు బడి వాళ్లే ఇస్తారు, చదివి తిరిగి ఇచ్చేయాలి. అది తెలియక నేను, ప్రతి జూన్‌లో మారేడ్‌పల్లిలో దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని నువ్వు వేసినట్టే అన్నింటికీ బ్రౌన్ అట్టలేసి, మీద లాస్య పేరు అంటించి పంపాను. ఏది ఏ పుస్తకమో టీచరుకు అంతుపట్టలేదు. చేరిన నాటి నుంచి క్లాసులో నోరు విప్పని మన పిల్ల లేచి, మందం చూసి ఒక్కొక్కదాని పేరూ చెప్పేసిందట. మాకూ అట్టలు వేయడం నేర్పమని పిల్లలంతా వెంటపడ్డారట.

ఇప్పుడు వాళ్లకు ఇదే మేస్త్రి. "గిట్ల కాదు, మూల జెర లోపటికి మడవాలె" అని తెలుగులోనే కసురుతుంది, వాళ్లు మడుస్తారు.

మోండా మార్కెట్లో బ్రౌన్ షీట్లు, లేబుళ్లు కొని పంపు. బొమ్మలున్నవి వద్దంటోంది. నీ మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి నల్లా బాగుచేయించావా? బావకు నమస్కారాలు.

ఇంత చక్కగా ఎవరు నేర్పారని టీచర్ అడిగితే "మా అత్తమ్మ" అందట. ఇప్పుడు ఆ క్లాసులో అందరూ వేసేది అత్తమ్మ మడత.

నీ తమ్ముడు,
విజయేందర్