నూట పద్దెనిమిది రూపాయలకు ఆఖరి వేలిముద్ర

పెబ్బేరు.
అక్క హెప్సిబాకు తమ్ముడు పాల్ వందనములు. నేను ఆరోగ్యముగా ఉన్నాను.

నేను ఎన్నడూ తీసుకొనని ఏటీఎం కార్డుకు రుసుమని బ్యాంకువారు కోసుకొన్న నూట పద్దెనిమిది రూపాయలు తిరిగి ఇమ్మని నిన్న స్వయముగా అర్జీ వ్రాసి సంతకము చేసితిని. గుమాస్తా చూసి, “నీది యేలిముద్ర ఖాతా అన్నా, సంతకం చెల్లది. ముద్రెయ్యి,” అన్నాడు. రాత్రిబడిలో పదవ తరగతి నెగ్గిననాడు ఇక వేలికి సిరా అంటనీయనని మీ ఎదుటనే ఒట్టు పెట్టుకొంటిని గదా! “గిన్ని పైసలకు పంచాది ఎందుకు తమ్మీ, ఇడిసిపెట్టు,” అన్న మీ మాట తలచి గడప దాక పోయితిని. కాని విడిచినచో వారి తప్పు ఒప్పగునని తోచి, వెనుకకు వచ్చి ముద్ర వేసితిని. గుమాస్తా నవ్వి, మరొక కాగితమిచ్చి, “గీడ గూడ ఒక ముద్రెయ్యి, రేపటి సంది నీ ఖాతాకు సంతకమే,” అన్నాడు. సాయంత్రమునకే సొమ్ము జమ అయినది. పశువుల సంతలో తోటి పనివారందరికీ మిర్చిబజ్జీలు తినిపించితిని.

మన బర్రె ఈనినదా? మీ పాసుపుస్తకములోనూ అట్టి కోత ఉన్నదేమో చూపించుకొనవలెను. మీ పేరు మూడక్షరములే, పలకపై దిద్దుచుండవలెను. బావకు వందనములు, పిల్లలకు దీవెనలు. ఈ ఉత్తరపు కార్డు మూలనున్న నల్లని మరక, బ్యాంకులో ఆ సిరా ఆరకముందే వేసిన నా ఆఖరి ముద్ర. దాచియుంచవలెను.

సంతకము: పాల్