కంట్రోలర్ వచ్చింది

ఉప్పల్,
9 ఫిబ్రవరి 1998.

మామయ్యకి సుందరి నమస్కారాలు.

మేము బాగున్నాం. అత్తయ్య మోకాలు ఇప్పుడు మెట్లెక్కనిస్తోందా?

నాచారంలో పంపుల కంపెనీలో నేను టైపిస్టుగా చేరిన సంగతి మీకు తెలుసు. అక్కడ ఒక పెద్ద మార్పు వచ్చింది. మా ఆఫీసులో ఉన్న పది కంప్యూటర్లూ ఇన్నాళ్లూ దేని లోకం దానిదిగా ఉండేవి. స్టోర్స్ లెక్క అకౌంట్స్‌కి కావాలంటే ఫ్లాపీ పట్టుకుని మేడ దిగి పరుగెత్తాలి. ఇప్పుడు అన్నిటినీ తీగతో కలిపి, సర్వర్ అనే ఒక పెద్ద కంప్యూటర్ అజమాయిషీ కింద పెడుతున్నారు. దాన్నే ప్రైమరీ డొమైన్ కంట్రోలర్ అంటారు. పొద్దున్నే వచ్చి ఎవరు ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా, దానికి పేరు చెప్పుకుని అనుమతి తీసుకోవాలి.

కంట్రోలర్ శుక్రవారం బొంబాయి నుంచి వచ్చింది. ప్రత్యేకంగా గది ఇచ్చారు. మేనేజర్ భూషణం గారు కొబ్బరికాయ కొట్టి, స్వయంగా బొట్టు పెట్టారు. తీరా పని మొదలయ్యాక, దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీరు వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. "ఇప్పుడెవరు చేస్తారు?" అని భూషణం గారు తల పట్టుకుంటే, "నేను చేస్తాను సార్" అనేశాను. ఇంజనీరు వదిలేసి వెళ్లిన పుస్తకాలు ముందేసుకున్నాను. మార్చి మొదట్లో హెడ్డాఫీసు వాళ్లు చూడటానికి వస్తారట. అప్పటికి నడవకపోతే నేను మళ్లీ టైపు మిషను దగ్గరికే.

ఉంటాను,
త్రిపురసుందరి.

తా.క. అకౌంట్స్ అచ్యుతరావు గారు మాత్రం మొండికేశారు. "మల్కాజిగిరిల నా ఇంట్ల నేనెవ్వరిని అడగ. గీడ నా కంప్యూటర్ తెరుస్తానికి ఒకరిని అడగాల్నా?" అంటున్నారు.


తెనాలి,
14 ఫిబ్రవరి.

చిరంజీవి సుందరిని మామయ్య పట్టాభిరామయ్య దీవించి రాస్తున్నాను. ఇక్కడ అంతా లైన్ క్లియర్.

నీ ఇన్లాండు ఉత్తరం తెరుస్తుంటే బంక అంటుకుని మధ్యలో నాలుగు పంక్తులు చిరిగిపోయాయి. అయినా అసలు సంగతి అందింది. మీ ఆఫీసుకు బొంబాయి నుంచి కంట్రోలర్ వచ్చారన్నమాట! అందులోనూ ఆడమనిషి! బొట్టు పెట్టి ఆహ్వానించారంటే మీ మేనేజరు మర్యాద తెలిసినవాడే.

కానీ నువ్వు "కంట్రోలర్ వచ్చింది" అని రాశావు. తప్పమ్మా. పై అధికారిని "వచ్చారు" అనాలి. స్టేషన్ మాస్టరుగా నా ఉద్యోగమంతా రైళ్లను నడిపించే కంట్రోలర్ గొంతు ఫోనులో వినడమే గాని, మొహం చూసింది లేదు. కంట్రోలర్ ఆగమంటే మెయిలు బండయినా ఆగాల్సిందే. అలాంటి మనిషి దగ్గర నువ్వు పని చేస్తున్నావు! ముందు నీ పేరు స్పష్టంగా చెప్పు. అడిగిందానికే జవాబివ్వు. ఎదురు చెప్పకు.

ఇట్లు,
మామయ్య.

తా.క. మన ఎదురింటి రాజయ్య హైదరాబాదు వస్తున్నాడు. వాడితో గోంగూర పచ్చడి రెండు సీసాలు పంపుతున్నాను. పెద్ద సీసా కంట్రోలర్ గారికి.


ఉప్పల్,
21 ఫిబ్రవరి.

మామయ్యకి నమస్కారాలతో సుందరి.

మీ ఉత్తరం ఆఫీసులో చదివి వినిపిస్తే కడుపులు చెక్కలయ్యేలా నవ్వారు. రిటైరైనా మీ చమత్కారం మాత్రం రిటైర్ కాలేదు. మాకు చాయ్ ఇచ్చే లింగమ్మ, "మీ మామ మస్తు హుషారున్నడమ్మా" అంది. సరే, మీ మాట ప్రకారం నేనూ ఇకనుంచి "గారు" అనే రాస్తాను.

కంట్రోలర్ గారితో నా అవస్థ వినండి. ఒక్కొక్కరినీ పరిచయం చేసి, పేర్లు రాయించాను. ప్రతివాళ్లకీ "వెల్‌కమ్" అన్నారు. ఆఖరికి అచ్యుతరావు గారిని కూడా బతిమాలి చేర్చాను. పొంగిపోయి ఇంటికెళ్లాను. తెల్లారి వచ్చేసరికి ఏముంది, కంట్రోలర్ గారు ఒక్కరినీ గుర్తుపట్టరు! పిలిస్తే పలకరు! ఎదురుగా గదిలోనే ఉన్నారు, అందరూ మాత్రం "కంట్రోలర్ కనబడటం లేదు" అనేవాళ్లే. నిద్రపుచ్చి లేపాను. మళ్లీ నిద్రపుచ్చి లేపాను. విసుగొచ్చి వీపు మీద ఒక్కటి వేశాను. ఊహూఁ.

భూషణం గారు పదే పదే క్యాలెండరులో మార్చి పేజీ తిప్పి చూసుకుంటున్నారు. అది చూస్తేనే నాకు భయంగా ఉంది.

మీ సుందరి.

తా.క. పెద్ద సీసా పచ్చడి నేనూ లింగమ్మా తినేశాం. కంట్రోలర్ గారికి అలాంటివి పడవు.


తెనాలి,
26 ఫిబ్రవరి.

సుందరీ!

దీవెనలు తర్వాత. ముందు ఇది చెప్పు: పై అధికారిని వీపు మీద కొట్టావా? ఆఫీసు వేళల్లో నిద్రపోవడం ఆవిడ తప్పే, ఒప్పుకుంటాను. మర్చిపోవడం వయసు మీద పడ్డ జబ్బు కావచ్చు. అంతమాత్రాన చెయ్యి చేసుకుంటారా? మన ఇంటా వంటా ఉందా?

మీ అత్తయ్య మాత్రం, "మన పిల్ల కొట్టిందంటే అవతల ఎంత విసిగించి ఉండాలి" అని నీ పక్షమే పట్టింది. వెంటనే క్షమాపణ చెప్పుకో. నేనూ శాలువా తీసుకుని వచ్చే వారం బయల్దేరి వస్తున్నాను. ఆవిడ కాళ్లు పట్టుకునైనా నీ ఉద్యోగం నిలబెడతాను. నిన్ను తిట్టాను గాని, ఇంజనీరు వదిలేసి పారిపోయిన పనిని మీద వేసుకుని నిలబడ్డ పిల్లవి. ఆ గర్వం నాకు లేకపోలేదు.

మామయ్య.

తా.క. పెన్షనర్ల సంఘంలో నువ్వు కంట్రోలర్ దగ్గర ఉన్నావని చెప్పాను. కొట్టిన సంగతి నేను చెప్పలేదు. మీ అత్తయ్య చెప్పింది.


ఉప్పల్,
3 మార్చి.

మామయ్యకి, అత్తయ్యకి ఇద్దరికీ నమస్కారాలు.

మీ కోపం ఉత్తరం చదివి నవ్వుకున్నాను. శాలువా ఒక్కటే తక్కువయింది! ఇంతకీ గెలిచాను మామయ్యా!

జబ్బు కంట్రోలర్‌ది కాదు, దారిది. తీగ వెంట ఒక్కో బల్ల కిందా దూరి చూసుకుంటూ పోయాను. చీర కొంగంతా దుమ్ము. చివరి బల్ల అచ్యుతరావు గారిది. అక్కడ తీగ కొసకి వేలి కణుపంత మూత ఉండాలి. లేదు! ఆ మూత లేకపోతే పంపిన కబురు కొసదాకా వెళ్లి, గోడకు కొట్టిన బంతిలా వెనక్కొచ్చి దారి మొత్తాన్ని పాడుచేస్తుంది.

"ఇక్కడి మూత ఏమైంది సార్?" అన్నాను.

"గదా? గా కొసకు ఇంకో తీగ లేదు, ఏం లేదు. ఉత్తగ ఎందుకని పీకి సొరుగుల వెట్టిన. జర సాఫ్‌గ ఉంటదని."

ఆయన తీసిచ్చారు. బిగించాను. నాలుగు పక్కల నుంచీ ఒకేసారి "వచ్చింది! వచ్చింది!" అని కేకలు. అచ్యుతరావు గారు బిక్కమొహం వేసి, "నా వల్లనా ఇంత లొల్లి?" అన్నారు. పాపం, ఆ సాయంత్రం నాకు మిర్చీ బజ్జీలు తెప్పించారు.

నిన్న హెడ్డాఫీసు పెద్దలు వచ్చారు. పది బల్లల దగ్గరా కూర్చుని చూశారు. "ఏ కంపెనీ వాళ్లు చేశారు?" అని అడిగితే, భూషణం గారు నన్ను ముందుకు పిలిచి, "బయటి కంపెనీ కాదండీ, మా సుందరి" అన్నారు. ఆ 'మా' అనే మాటకి కళ్లలో నీళ్లు తిరిగాయి. గురువారం నేను సనత్‌నగర్ బ్రాంచికి వెళ్తున్నాను. అక్కడి కంప్యూటర్లనీ నన్నే చేర్చమన్నారు.

గెలిచిన మీ సుందరి.

తా.క. లింగమ్మ ఊరంతా చెబుతోంది: "మా సుందరమ్మ బల్లల కింద పాకి పాకి ఆఫీసరైంది."


తెనాలి,
8 మార్చి.

చిరంజీవి సుందరికి,

నీ ఉత్తరం ఇక్కడికి వచ్చేలోపే నేను బండెక్కాను. గురువారం సికింద్రాబాదులో దిగి, బస్సు పట్టుకుని నాచారం చేరాను. నువ్వు లేవు. చాయ్ పళ్లెంతో లింగమ్మ ఎదురైంది. "కంట్రోలర్ గారిని చూడాలమ్మా" అన్నాను.

"రా తాతా, సూపిస్త. జర చెప్పులిడువు" అంది.

చెప్పులు విడిచాను. తలుపు తీయగానే ఏసీ చలికి పళ్లు కొట్టుకున్నాయి. చేతులు జోడించి, వచ్చేటప్పుడు బండిలో బట్టీపట్టిన మాటలు చెప్పేశాను: "అమ్మా, చిన్నపిల్ల, తెలియక చేసింది, పెద్ద మనసుతో మన్నించాలి." తలెత్తాను. బల్ల మీద ఒక పెట్టె, దానికో ఆకుపచ్చ దీపం.

"కంట్రోలర్ గారేరమ్మా?"

"నువ్వు మొక్కింది గామెకే గదా తాతా!"

వెనక ఆఫీసంతా నిలబడి చూస్తోంది. భూమి చీలితే బాగుండుననిపించింది. అప్పుడు అచ్యుతరావు గారట, ముందుకొచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. "ఫికర్ జెయ్యకుండ్రి. మేం గూడ పొద్దుగాల దానికి మొక్కే కూసుంటం" అన్నారు. మంచి మనిషి.

"మరి ఇది ఎవరి మాట వింటుందండీ?" అన్నాను.

"ఇంకెవరిది? మీ సుందరమ్మదే. ఆమె ఒప్పుకుంటెనే గది మమ్మల్ని లోపలికి రానిస్తది."

కంట్రోలర్ మాట వినేవాళ్లనే చూశాను నేను. కంట్రోలర్‌కి మాట చెప్పే మనిషి కూడా ఉంటుందనీ, ఆ మనిషి నా చెల్లెలి కూతురే అవుతుందనీ ఎప్పుడనుకున్నాను? శాలువా తీసి నీ కుర్చీకి కప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక పెన్షనర్ల సంఘంలో దాచకుండా చెప్పేశాను: "కంట్రోలర్ ఆడమనిషి కాదు, మిషను." వెటకారాల కనకరాజు ఊరుకుంటాడా? "అయితే మీ మేనకోడలు మిషను కింద పని చేస్తోందా?" అన్నాడు. "కాదయ్యా, కంట్రోలరే మా సుందరి కింద పని చేస్తోంది" అన్నాను. ఆ తర్వాత చాలాసేపు నేనొక్కణ్ణే మాట్లాడాను.

నీ మామయ్య,
పట్టాభిరామయ్య.

తా.క. మీ అత్తయ్యకి ఒక్క సందేహం తీరడం లేదు. కంట్రోలర్ నీ చేతికింద పనిచేసేదయితే, దాన్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి నిన్ను ఫ్యాను కింద ఎందుకు కూర్చోబెట్టారట? భూషణం గారిని కనుక్కుని రాయి.