రేకు గోడలో లేని కిటికీ

ఆదివారం, మధ్యాహ్నం

చిరంజీవి మనవరాలికి,

అమ్మమ్మ ఆశీర్వచనాలు. మేము ముగ్గురం, అంటే నేనూ, మీ తాతయ్యా, మా దగ్గరున్న నీ కూతురు బుడంకాయా కులాసా. నువ్వూ కులాసాయేనని నీ ఫోను వల్ల తెలిసింది. నీ ప్లాను మాత్రం కులాసాగా లేదు. అందుకే ఫోను పక్కన పడేసి కాగితం తీశాను. ఫోనులో అయితే సిగ్నల్ లేదు అమ్మమ్మా అని తప్పించుకుంటావు.

నువ్వు గీసిన ఆ ఉక్కు భవనం బొమ్మ మొదటిసారి చూపించినప్పుడు వీధంతా చెప్పుకున్నాను. కింద సంచులు కుట్టే కర్మాగారం, మేడమీద కొత్తవాళ్లకి పని నేర్పే బడి, కుట్టు హాలుని ఆనుకుని పసిపిల్లల గది. రెంటికీ మధ్య అద్దాల కిటికీ. మిషన్ ముందు కూర్చున్న తల్లి తలెత్తితే బిడ్డ కనబడాలి. అది నీ సొంత ఆలోచన, ఒకరు చెప్పింది కాదు. మా పిల్లకి బుర్రతో పాటు మనసూ ఉందని మురిసిపోయాను. ఆ మురిపెం నాలుగు రోజులు ఉండనిచ్చావా? కొత్త ప్లానులో కిటికీ ఉన్నచోట రేకు గోడ దిగింది!

అడిగితే నాకే పాఠం చెప్పావు. గాలికి భవనం ఊగకుండా ఆ గోడలో ఏటవాలు కడ్డీలు వేయాలట, కిటికీకి అవి అడ్డట. లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని, మూడు భుజాలు బిగిస్తే చట్రం కదలదని నాకూ తెలుసు. మరి మేడమీద బడికి నిలువెత్తు అద్దాలెలా వచ్చాయి? అక్కడి కడ్డీలు పక్క గోడలోకి ఎలా జరిగాయి? వచ్చిన పెద్దమనుషులు వరండాలోంచి చూసి మెచ్చుకోవాలన్నావు. పెద్దమనుషులు చూడాలంటే జరిగే కడ్డీలు తల్లి చూడాలంటే జరగవా? ఉక్కుకి కూడా మొహమాటాలుంటాయా?

అప్పుడు గానీ అసలు మాట నీ నోట రాలేదు. తల్లులు మాటిమాటికీ తలెత్తితే కుట్టు వంకరపోతుందని, పని కుంటుపడుతుందని ఓనరు అన్నాడట. నువ్వు సరే సార్ అన్నావట. అమ్మాయ్, బిడ్డ ఏడుపు వినబడుతూ మొహం కనబడకపోతే ఏ తల్లి కుట్టు తిన్నగా వస్తుందో ఆయన్ని కాస్త చెప్పమను.

నేను ఊరికే నోరు పారేసుకునే రకాన్ని కాను. నిన్న డాబా మీద ఆ గదిని సుద్దముక్కతో అసలు కొలతల్లో గీశాను. మన ఇంట్లో ఏ గది కట్టినా ముందు సుద్దతో గీసి, అందులో నడిచి చూశాకే కదా తాపీమేస్త్రీని పిలిచేది! ఆ గీతల్లో తొక్కుడుబిళ్ల ఆడినదానివి, నువ్వే మర్చిపోతే ఎలా? బుడంకాయని గీత లోపల కూర్చోబెట్టి, ఇవతల నేను మిషన్ వేసుకుని కూర్చున్నాను. మీ తాతయ్యని మధ్యలో దుప్పటి పట్టుకుని గోడలా నిలబడమన్నాను. పెళ్లయినప్పటి నుంచీ గోడలాగే ఉన్నాను కదే, దుప్పటి ఒక్కటే తక్కువైంది అన్నారు.

దుప్పటి లేచిందో లేదో పిల్ల ఆరున్నొక్క రాగం అందుకుంది. దించగానే నన్ను చూసి, కారే ముక్కుతోనే మళ్లీ గిన్నెలు వాయించడంలో పడింది. ఎన్నిసార్లు చేసినా అంతే. దుప్పటి ఉండగా కుట్టిన ముక్కా, దించాక కుట్టిన ముక్కా ఈ కవర్లో పెడుతున్నాను. మొదటిది పాము పాకినట్టుంది, రెండోది గీత గీసినట్టుంది. రెండూ తీసుకెళ్లి ఓనరు బల్లమీద పరుచు.

రేకులు బిగించేది వచ్చే వారమే అన్నావు. కిటికీ రాకపోతే ప్లాను మీద పసిపిల్లల గది అని మాత్రం రాయకు. సామాన్ల గది అని రాయి.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని
అమ్మమ్మ

తా.క. కవరు అంటించబోతుంటే మీ తాతయ్య ఆ ముక్కలు అడిగి తీసుకుని వెలుతురులో పట్టి చూశారు. రెండూ పాములేనే అన్నారు. నాకు రెండోది తిన్నగానే కనబడింది. ఇక దాచలేక డాక్టరు మాట ఆయనకి చెప్పాను, నీకూ చెబుతున్నాను. నా చూపు తగ్గుతోంది, ఆపరేషన్‌తో తిరిగొచ్చేది కాదట. పసిపిల్లని ఒంటరిగా చూసుకోవద్దన్నాడు. మొన్న బుడంకాయ మెట్లదాకా పాకినా నాకు కనబడలేదు, సమయానికి మీ తాతయ్య వచ్చి పట్టుకున్నారు. రోజూ కొట్టు మూసి ఆయన ఇంట్లో కూర్చోలేరు కదా. ఆ భవనంలోనే నీ ఆఫీసు పెడతానన్నావు, ఇక బుడంకాయకీ ఆ పసిపిల్లల గదే. ముందే చెబితే నీ పిల్ల కోసం కిటికీ పెడతావు. పరాయి పిల్లల కోసం పెడతావేమో చూద్దామని చెప్పలేదు. కానీ తప్పుడు సాక్ష్యం నా సంతకంతో పోకూడదు. ముక్కలు రెండూ తీసేశాను. పిల్ల ఏడ్చింది మాత్రం నిజం. ఆ ఏడుపుని కవర్లో పెట్టి పంపలేను, వచ్చి విను.