నా మోటారు సైకిలును ఎక్స్‌ప్రెస్‌గా ప్రకటించవలసిన సంగతి

గౌరవనీయులైన నగర ట్రాఫిక్ అధికారి గారి సముఖమునకు,

బస్సు డిపోలో మరిచిపోయిన వస్తువుల గది గుమాస్తా, పూర్వము సిటీ ఆర్డినరీ సర్వీసు కండక్టరు, వ్రాసుకొన్న అర్జీ.

విషయం: కొత్త మోటారు సైకిలు ప్రతి బస్సు స్టాపులోనూ ఆగిపోవుట – జరిమానా నోటీసులు వచ్చుట – భార్య బండి ఎక్కననుట – సదరు బండికి ఎక్స్‌ప్రెస్ హోదా ఇప్పించుట గురించి.

అయ్యా,

తమ కార్యాలయం నుండి వరుసగా అందుచున్న నోటీసులకు జవాబుగా ఈ క్రింది సంగతులు తమ దృష్టికి తెచ్చుచున్నాను. బండి నాదే. నడిపింది నేనే. ఫోటోల్లో నోరు తెరుచుకుని ఉన్న మొహం కూడా నాదే. అందులో నాకు వాదన ఏమీ లేదు.

1. నేను సర్వీసంతా ఆర్డినరీ బస్సులోనే చేసినవాడను. మోకాళ్లు మొరాయించడంతో డిపో వారు నన్ను బస్సు దింపి, ప్రయాణికులు మరిచిపోయిన గొడుగులూ సంచులూ భద్రపరచు గదిలో కూర్చోబెట్టినారు. ఇంటి నుండి డిపోకు వెళ్లి రావడానికి ఇటీవల ఒక మోటారు సైకిలు కొన్నాను. బండి మంచిది. బటను నొక్కితే స్టార్టవుతుంది, పెట్రోలు వాసన చూపిస్తే చాలు నడుస్తుంది, స్టాండు తీయడం మరిచిపోతే తనే కూత పెట్టి గుర్తుచేస్తుంది. సీటు మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. బండిలో ఏ లోపమూ లేదనీ, ఉంటే గింటే నడిపేవాడిలోనే ఉండాలనీ షోరూము మెకానిక్కు రెండుసార్లు విప్పి చూసి మరీ తేల్చినాడు.

2. ఆ లోపం ఏమనగా, బస్సు స్టాపు కనబడితే నా కుడికాలు దానంతటదే బ్రేకు తొక్కుచున్నది. బస్సులో బ్రేకు డ్రైవరుది, ఆపమనే మాట నాది. ఇప్పుడు డ్రైవరు లేడు గనుక నోటి అలవాటు కాలికి దిగింది. ఈ రోజు ఆగకూడదని ఇంట్లో గట్టిగా అనుకునే బయలుదేరతాను. స్టాపులో నలుగురు నిలబడి ఆశగా నా వైపు చూశారంటే అంతే సంగతులు. ఆగిన తరువాత ఇంకో చిక్కు. వెనక నుండి ఎవరైనా చెబితేనే గాని బండి కదిలించబుద్ధి కాదు. ఇన్నేళ్లూ "రైట్ రైట్" అన్నవాడిని నేనే అయినా, ముందు కూర్చున్నవాడు తనకు తానే రైట్ చెప్పుకోవడం నిబంధనలకు విరుద్ధం. ఎవరో ఒకరు ఎక్కి పోనీమనేదాకా అక్కడే ఉంటాను. తమ కెమెరాకు నేను చిక్కుచున్నది ఆ కాస్త వ్యవధిలోనే.

3. ఆగిన బండిని చూసి జనం ఎక్కుతున్నారు. నేను పిలవలేదు, టికెట్టూ అడగలేదు. అయినా నా రాకపోకల వేళలు ఆ దారిలో అందరికీ తెలిసిపోయినవి. జోరువాన కురిసిన రోజున నేను ఇల్లు కదలకపోతే, ముందుగా చెప్పకుండా సర్వీసు ఎలా రద్దు చేస్తారని మర్నాడు ఒక నర్సు నన్ను నిలదీసింది. నేను క్షమాపణ చెప్పుకొన్నాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు.

4. ఎక్కినవారు వస్తువులు మరిచిపోతున్నారు. ఒక గొడుగు, ఒక కళ్లజోడు, ఒక ఎడమ చెప్పు. వాటిని నా గదిలోనే జమ కట్టబోతే, బస్సులో మరిచినవి కానందున చెల్లవని గుమాస్తా హోదాలో నేనే నాకు అభ్యంతరం చెప్పుకోవలసి వచ్చింది. ప్రస్తుతం అవి మా మంచం కింద ఉన్నవి. సొంతదారులు తగిన ఋజువు చూపి తీసుకొనిపోవచ్చును.

5. ఇక అసలు సంగతి.

ఈ బండి కొన్నది నా భార్య పోరు పెట్టబట్టి. షోరూములోనే వెనక సీటు మీద కూర్చుని, ముందుకీ వెనక్కీ జరిగి చూసుకుని, ఇది నాది అని చెప్పి మరీ దిగింది. దానికి కారణం ఉన్నది. ఆవిడ నా బస్సు ఎక్కినప్పుడల్లా, కండక్టరు సొంత మనుషులకు సీటిచ్చుకున్నాడన్న మాట రాకూడదని నేను నిలబెట్టే తీసుకుపోయేవాడిని. దాన్ని నేను నిజాయితీ అంటాను. ఆవిడ ఇంకో పేరు పెట్టింది, అర్జీలో వ్రాయదగినది కాదు.

మొన్న ఆదివారం కొత్త బండి చూపించుకుందామని మా మరదలి ఇంటికి బయలుదేరాము. నా భార్య బీరువాలోని మంచి బట్టలు తీసి కట్టుకుంది. ఆసుపత్రి స్టాపు రాగానే నా కాలు తన పని తాను చేసింది. రోజూ నా బండి ఎక్కే ఒక పెద్దావిడ చేతికర్ర ఊపుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. నేను వెనక్కి తిరగకుండానే, "పెద్దవాళ్లకు చోటివ్వాలి, లేమ్మా" అన్నాను. ఎవరితో అంటున్నానో ఆ క్షణాన నాకు తోచలేదు. నా భార్య దిగింది. పెద్దావిడ ఎక్కి కూర్చుని పోనీ నాయనా అంది. పోనిచ్చాను.

మార్కెట్టు దగ్గర ఆమెను దింపి, సమయానికే వచ్చామన్న తృప్తితో మరదలి ఇంటి ముందు బండి ఆపి, హారను కూడా కొట్టాను. మరదలు గుమ్మంలోకి వచ్చి, నా వెనకకు చూసి, "అక్క ఏది బావా?" అని అడిగింది. అయ్యా, అప్పుడు నా పైప్రాణాలు పైనే పోయినవి. వెనక్కి వెళ్లి చూస్తే స్టాపు ఖాళీ. ఆవిడ సిటీ ఆర్డినరీ బస్సెక్కి ఇంటికి పోయింది. కూర్చోవడానికి సీటు కూడా దొరికిందట.

6. ఆ మర్నాడే తమ నోటీసు ఇంకొకటి వచ్చింది. నా భార్య పాతవన్నీ తీసి, ఫోటోలను నేల మీద వరుసగా పరిచింది. ఒకదానిలో నర్సు, ఒకదానిలో నిచ్చెన పట్టుకున్న గోడలకు సున్నం వేసేవాడు, ఒకదానిలో మనిషి కనబడకుండా పెద్ద డోలు.

"ఇంతమంది ఉన్నారు. ఒక్కదాంట్లో నేను లేను. బస్సంటే ఊరందరిదీ, సరే. దీనికి ఉన్నదే ఒక్క సీటు కదండీ" అంది.

అప్పటినుండి బండి దగ్గరకు రావడం లేదు. నన్ను గుమాస్తా గారూ అని పిలుస్తోంది. నాకు చాలా బాధగా ఉన్నది. బండి తుడుస్తూ ఆ వెనక సీటు దాకా వచ్చేసరికి ఏడుపు వస్తున్నది.

7. కావున నా ప్రార్థన ఏమనగా, ఎక్స్‌ప్రెస్ సర్వీసు ప్రతి స్టాపులోనూ ఆగనక్కరలేదన్నది తమకు తెలిసినదే. ఎవరైనా చెయ్యెత్తితే "వెనకాల ఖాళీగా వస్తోంది" అని చెప్పి వెళ్లిపోవచ్చును. వెనకాల ఏదీ రాకపోయినా చెప్పవచ్చును. నా సర్వీసులో ఆ మాట అనే భాగ్యం నాకు ఒక్కనాడూ కలగలేదు. నా మోటారు సైకిలును ఎక్స్‌ప్రెస్‌గా ప్రకటిస్తూ తమ సంతకంతో ఒక ఉత్తర్వు ఇప్పించినచో ట్యాంకు మీద అతికించుకొందును. నా కాలు నా మాట వినదు గాని, వ్రాతపూర్వకమైన ఉత్తర్వును ఎన్నడూ ధిక్కరించి ఎరుగదు. మా డిపో మేనేజరును అడిగితే, లీవు పెట్టి ఇంట్లో పడుకోమన్నారు. తమరే నాకు దిక్కు.

కాబట్టి తమరు పెద్దమనసుతో ఇదంతా చిత్తగించవలెను. నా భార్యను నా వెనక కూర్చోబెట్టవలెను.

తమ విధేయుడు,
మరిచిపోయిన వస్తువుల గది గుమాస్తా,
బస్సు డిపో.

తా.క. తప్పులేమైనా ఉంటే చూడమని ఈ అర్జీని నా భార్యకు ఇచ్చాను. చదివింది. హెల్మెట్టు పెట్టుకుని వచ్చి, పోస్టులో వేసొద్దాం పదండి అంది.

మొదటి స్టాపులో నా కాలు బ్రేకు తొక్కింది. వెనక నుండి నా హెల్మెట్టు మీద టకటకమని రెండు దెబ్బలు పడ్డాయి. "రైట్ రైట్" అంది. బండి కదిలింది. ఆ తర్వాత ప్రతి స్టాపులోనూ నా కాలు బ్రేకు మీదికి పోకముందే అదే మాట. వెనక నుండి ఆ మాట వినబడితే ముందున్నవాడికి ఎంత ధైర్యంగా ఉంటుందో ఇన్నేళ్లూ నాకు తెలియనే తెలియదు.

ఆసుపత్రి స్టాపులో పెద్దావిడ కర్ర ఎత్తింది. నేను తడబడ్డాను. నా భార్య పక్కకు వంగి, "వెనకాల ఖాళీగా వస్తోందమ్మా" అని చెప్పింది. ఎంత బాగా చెప్పిందనుకున్నారు! ఆ ఊపులో పోస్టాఫీసు దగ్గర కూడా ఆగలేదు. ఈ అర్జీ తమకు ఆలస్యంగా అందుటకు కారణం అదే.

కనుక ఎక్స్‌ప్రెస్ ఉత్తర్వు ఇక అవసరం లేదు. పాత జరిమానాలన్నీ కట్టేస్తాను. ఒక్క మనవి మాత్రం మిగిలింది, అది నా భార్యది. మేము ఎక్కడా నిలవకపోవడం వల్ల తమ కెమెరాకు చిక్కలేదు, ఫోటో రాలేదు. అందుచేత వచ్చే ఆదివారం ఉదయం ఆసుపత్రి స్టాపులో కావాలనే ఆగుతాము. ఇంకెవరినీ ఎక్కించుకోము. ఆవిడ హెల్మెట్టు అద్దం పైకెత్తి ఉంచుతుందట. నోటీసు మామూలుగానే పంపించండి. ఫోటో సరిగా రాకపోతే మళ్లీ వచ్చి ఆగుతాము.