జీపులో ఇల్లు చేరిన తల్లి

నంద్యాల,
1987 జూన్, ఆదివారం.

మీకు,

మీరు ఆళ్లగడ్డ టెంటు హాల్లో చూసొచ్చి నాకు చెప్పిన సినిమా నిన్న టీవీలో వేశారు. అందుకే రాస్తున్నాను. టీవీ మీరు పోయాక కొన్నది.

సినిమా హాలు గడప తొక్కనని పట్టుబట్టిన నాకు కథలన్నీ మీ నోటనే తెలుసు. పాటలు పాడవద్దన్నానని, పాట వచ్చినచోట ఒకసారి దగ్గి ముందుకు పోయేవారు. ఈ కథ మన కూతురు మేరీ కాన్పులో చనిపోయిన ఏడాది చెప్పారు. చివర్లో తల్లీ బిడ్డా క్షేమంగా జీపులో ఇల్లు చేరారన్నారు. మేరీ కూతురు సుగుణకు నేనూ అట్లాగే చెప్పాను.

టీవీలో ఆ తల్లి కాన్పులోనే చనిపోయింది. జీపు రాలేదు.

"ఏందవ్వా, ఆమె సచ్చిపాయ! జీపు యాడ?" అంది సుగుణ.

"మీ తాత చూసింది వేరే సినిమా."

"ఇదే గదవ్వా. తాత అబద్ధాలు చెప్తాడా?"

"అన్నం తిను," అన్నాను. తినింది. నేను పళ్లేలు కడిగి బోర్లించాను. వాళ్లమ్మ ఎట్లా పోయిందో దానికి ఇంకా చెప్పలేదు.

ఇక జరగవలసినవి:

1. టీవీ మీద గుడ్డ కప్పాలి. రేపు బడి ఉంది.
2. మేరీ సంగతి సుగుణకు నేనే చెప్పాలి. వీధిలో ఎవరి నోటనో వినకూడదు.
3. ఆ సినిమాలో తల్లిని మీరెందుకు బతికించారో ఆ తర్వాత చెప్పాలి.