అమ్మ దస్తావేజులో నేను చెప్పిన షరతులు

నాగదుర్గా,

కొత్తపేటలో నేను కులాసా. ఫోన్లో చెబితే అరుస్తావని కార్డు రాస్తున్నాను.

అమ్మ ఇల్లు అన్నయ్యకీ, కొబ్బరితోట నాకూ రాసిచ్చేసింది. తనని సరిగ్గా చూడకపోతే ఇచ్చింది రద్దయ్యేలా షరతులుండాలని పట్టుబట్టింది నేనే. అన్నయ్యని ఏడిపిద్దామని, దస్తావేజు రాసే శరభయ్యగారికి వరసగా చెప్పాను: "రోజూ వేణ్ణీళ్ళ స్నానం, వారానికోసారి పనసపొట్టు కూర, సాయంత్రం అరగంట ఆవిడ కబుర్లు ఎదురుచెప్పకుండా వినడం. రాయండి!" అన్నయ్య మొహం మాడిన పెసరట్టయింది.

అమ్మ తాపీగా, "ఆయ్, బాగా చెప్పేడండీ. ఇవే చిన్నాడికీ రాసేయండి. చెరో ఆర్నెల్లూ ఉంటాను" అంది.

"ముందెవరి దగ్గరండీ?" అన్నారు శరభయ్యగారు.

"కూర పేరు చెప్పినోడి దగ్గరే!"

రిజిస్ట్రీ కూడా అయిపోయింది. ఆదివారం ఇద్దరం వస్తున్నాం. ముందుగదిలో బియ్యం బస్తాలు తీయించు. గీజరు బాగుచేయించావా? పనసకాయ నేను తెస్తాను, పొట్టు కొట్టడం నీ వంతు. కబుర్లు వినే పని నాది, ఒట్టు.

అమ్మ నీకు దీవెనలు రాయమంది. అవి షరతుల్లో లేవు, ఊరికే ఇచ్చింది.

నీ రాఘవులు