పులివాగు దాటే లారీ ఎవరికి చెందాలంటే

ఖమ్మం జిల్లా, చండ్రుగొండ మండలంలోని తండాలో కాపురముంటున్న లావుడ్యా జైరాం అనే నేను, కీర్తిశేషులు హర్యా కొడుకును, లారీ యజమానిని, డ్రైవర్‌ను, నా వారసులకు తెలియజేస్తూ రాయించిన వీలునామా ఇది. ఎల్లుండి హైదరాబాద్ దవాఖానాలో నా గుండెకు ఆపరేషన్ ఉంది. గుండె బలహీనమే గానీ బుద్ధి నిలకడగానే ఉంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. బతిమాలినా వినే రకం కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఇంతకు ముందు నోటిమాటగా ఎవరికి ఏమిచ్చానని చెప్పినా అది చెల్లదు. "ఇన్ని సంగతులు ఇందులో ఎందుకయ్యా" అన్నాడు దస్తావేజు రాసే ఆయన. కారణం తెలియకపోతే నా పిల్లలు పంపకం ఒప్పుకోరు, రాయమన్నాను.

1. తండాలోని పెంకుటిల్లు, పాడి పశువులు, ఇంట్లోని సామాను యావత్తు నా భార్య సోమ్లికి చెందాలి. ఆమె బతికి ఉండగా వీటి మీద ఎవరూ నోరెత్తరాదు.

2. రోడ్డు పక్కనున్న రెండు గదుల ఇల్లు నా తమ్ముడు లాలుకు సర్వహక్కులతో ఇస్తున్నాను. ఎందుకో చెబుతాను.

నా లారీ మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత బండి. పులివాగు పొంగితే అవతలి గూడేలకు వెళ్లగలిగిన బండి అదొక్కటే. బియ్యం అందులోనే పోతాయి, జ్వరాల వాళ్లు అందులోనే వస్తారు. కంపెనీ ఆ మోడల్ ఎప్పుడో ఆపేసింది, సామాను దొరకదు. ముందు చక్రాలను తిప్పే జాయింటు అరిగిపోతే విప్పి పక్కన పడేశాం. ఇంజన్ బలం వెనుక చక్రాలకు అందించే పొడవాటి జాయింటు ఒక్కటే మిగిలింది. హ్యాండ్ బ్రేకు కూడా దాన్నే పట్టుకుంటుంది. అంటే అది తెగితే గేరూ ఆపదు, హ్యాండ్ బ్రేకూ ఆపదు.

రెండేళ్ల కింద వానాకాలంలో అదే జరిగింది. అవతలి గూడెం నుంచి ద్వాలి అనే ఆమెను తెస్తున్నాం. మలేరియా తలకెక్కి కొట్టుకుంటోంది. నర్సు పుష్ప ఆమె తల ఒళ్లో పెట్టుకుని వెనుక కూర్చుంది. వాగు దాటి కొండ మీది ఘాటు రోడ్డు ఎక్కుతుండగా కింద ఫట్‌మని చప్పుడైంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరిచింది గానీ బండి వెనక్కి జారసాగింది. వాగు నీళ్లకు బ్రేకులు తడిసిపోయి ఉన్నాయి. రెండు కాళ్లతో తొక్కినా పట్టలేదు. వెనుక వాగు, పక్కన లోయ. నా పక్కనున్న లాలు చక్రం కింద అడ్డం పెట్టే చెక్క పట్టుకుని దూకాడు. మొదటిసారి చక్రం చెక్కను తోసేసింది. రెండోసారి చెక్కతో పాటు తన ఎడమ కాలూ చక్రం కిందికి పోయింది. బండి నెమ్మదించింది, నేను స్టీరింగ్ తిప్పి కొండ గట్టుకు ఆనించాను. దిగి పరుగెత్తితే వాడు అడిగిన మాట: "అన్నా, ఆగిందా?"

ద్వాలి బతికింది. లాలు పాదం ఖమ్మంలో తీసేశారు.

3. తెగిన జాయింటు ముక్కను సత్తుపల్లిలో సామాన్ల కొట్టు నడిపే నా బావమరిది రామ్‌చందర్‌కు ఇస్తున్నాను. "బావా, గిది కంపెనీ మాలే, పాత స్టాక్" అని రంగు పూసిన డూప్లికేటు అంటగట్టింది అతనే. ఆ తర్వాత "లోడు ఎక్కువేసిండు, అందుకే తెగింది" అని ఊరంతా చెప్పిందీ అతనే. ఆ రోజు బండిలో ఉన్నది నలుగురు మనుషులు. ముక్కను పారేయకుండా కొట్టులో కళ్లముందు పెట్టుకోవాలి. అయితే సోమ్లి తన తమ్ముడి ఇంటికి రాకపోకలు మానాల్సిన పనిలేదు. నేను మాట్లాడకపోవడం వేరు, అక్కాతమ్ముళ్ల వరస వేరు.

4. బోరు కింది చేను నా కొడుకు కోటేష్‌కు చెందాలి. లారీ అతనికి ఇవ్వడం లేదు. ప్రమాదం తర్వాత "సామాను దొరకని బండి బండి కాదు బాపూ, ఇనుము" అన్నాడు. పాత ఇనుము కొనేవాళ్లను ఇంటికే తీసుకొచ్చాడు. నేను కర్ర తీశాను. కొన్నాళ్లు ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఇప్పుడు కోపం లేదు, కారణం కింద ఉంది.

5. లారీ, దాని పనిముట్లు, దానికి సంబంధించిన కాగితాలు సమస్తం నా కూతురు భానుకు ఇస్తున్నాను. ఆమెకు హెవీ లైసెన్సు ఉంది. అయితే ఇస్తున్నది లైసెన్సు చూసి కాదు.

ఆ జాయింటు కోసం ఖమ్మం, విజయవాడ, హైదరాబాద్ తుక్కు దుకాణాలన్నీ తిరిగాం. దొరకలేదు. బొగ్గు గనుల్లో తిరిగే టిప్పర్ జాయింటు పెట్టొచ్చని భాను పట్టుబట్టింది. అది మనదానికన్నా బలమైనది, కానీ పొడుగెక్కువ, బోల్టుల రంధ్రాలు కలవవు. సత్తుపల్లి లేతు మిషన్ వెంకటప్పయ్య గారు మొదట చేయనన్నారు. "రేపది తెగితే జనం చచ్చేది నా చేతి పని మీద" అన్నారు. ఆ మాట విన్నాకే ఆయన చేతిలో పెట్టాలనిపించింది. ఆయన టిప్పర్ జాయింటు గొట్టం కోసి పొట్టి చేసి అతికారు, రంధ్రాలు కలిపేందుకు మధ్యన కొత్త బిళ్ల తయారుచేశారు. బిగించి తోలితే అంతా బాగుందన్నాను నేను. భాను బండి ఆపేసింది. "బాపూ, కింద వణుకుతున్నది. గిట్ల ఘాటు ఎక్కితే మల్లా తెగుతది" అంది. విప్పి చూస్తే జాయింటు రెండు కొసలూ ఒక వరుసలో లేవు. వెంకటప్పయ్య గారు అతుకు కోసి మళ్లీ చేశారు. హ్యాండ్ బ్రేకును వెనుక చక్రాలనే పట్టేలా మార్పించాం.

మొన్న ఎండాకాలం చివర్లో మనుషుల బరువుకు సరిపడా ఇసుక బస్తాలు వేసి అదే ఘాటుకు తీసుకెళ్లాం. డాక్టర్ వద్దన్నాడని భాను నన్ను స్టీరింగ్ ముట్టనివ్వలేదు. వాగులో బ్రేకులు తడిపి, నిటారు చోట కావాలనే ఆపి, మళ్లీ పైకి కదిలించి చూడాలి. చెక్క పట్టుకుని వెనుక నడిచేందుకు నేను వంగేలోపు ఎవరో దాన్ని లాక్కున్నారు. కోటేష్. పిలవకుండానే తానుండే కొత్తగూడెం నుంచి వచ్చాడు. "నువ్వు పక్కకు జరుగు బాపూ" అని చక్రం వెనుక నిలబడ్డాడు. భాను క్లచ్ వదిలింది. బండి ఒక్క క్షణం వెనక్కి ఊగింది. కోటేష్ కదల్లేదు. తర్వాత చక్రాలు రాళ్లను కరుచుకున్నాయి, లారీ ఎక్కుతూ పోయింది. పైన ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నవ్వుతుంటే నేను కింద రాయి మీద కూర్చుండిపోయాను.

లారీని అమ్మాలంటే వాగు మీద వంతెన పడ్డాకే అమ్మాలి. అంతకు ముందు చేసే అమ్మకం చెల్లదు.

6. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నర్సు పుష్ప గారిది. ఆమె ఒప్పుకున్నారు. ఆమె మాటకు మా ఇంట్లో ఎదురు లేదు.

7. నేను హైదరాబాద్‌లో పోతే, నన్ను తేవడానికి లారీని పంపవద్దు. వానలు మొదలయ్యాయి. దవాఖానా బండో, కిరాయి బండో మాట్లాడుకోండి; ఆలస్యమైతే కానివ్వండి. నేను ఆగగలను. అవతలి గూడెంలో జ్వరంతో ఉన్నవాళ్లు ఆగలేరు.

ఇది చదివించి విని, నా ఇష్టప్రకారమే ఉన్నదని ఒప్పుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

చండ్రుగొండ, 18 జూన్ 2007
(సంతకం) లావుడ్యా జైరాం

సాక్షులు:
వెంకటప్పయ్య, లేతు మిషన్, సత్తుపల్లి
రాఘవమ్మ, అంగన్‌వాడీ టీచర్, చండ్రుగొండ